బి550 బోర్డులో ఏ డ్రైవ్‌కు ఏ పోర్టు?

అడిగింది ఇదీ: రైజెన్ 5 5600, బి550 బోర్డు. ఒక జెన్ 4 ఎన్‌వీఎంఈ (పీసీఐఈ 4.0తో నడిచే, ఎం.2 స్లాట్‌లో గుచ్చే వేగమైన ఎస్‌ఎస్‌డీ), పాత పీసీలోంచి తీసిన సాటా ఎస్‌ఎస్‌డీ (కేబుల్‌తో తగిలించేది), 4 టీబీ హార్డ్‌డిస్క్ ఉన్నాయి. తర్వాత ఇంకో ఎన్‌వీఎంఈ కొనాలనుంది. ఏది ఎక్కడ పెట్టినా ఒకటేనా?

ఒకటే కాదండీ. ఆ పోర్టు ఎవరికి కలిసి ఉందో ముందు తెలుసుకోవాలి: ప్రాసెసర్‌కా, చిప్‌సెట్‌కా (బోర్డు మీది పోర్టులను చూసుకునే చిప్పు, ఇక్కడ బి550), బోర్డు తయారీదారు అదనంగా పెట్టిన మూడో చిప్పుకా. పక్కన అచ్చేసిన నంబరు ఆ సంగతి చెప్పదు.

ప్రాసెసర్‌కు దగ్గరగా ఉండే మొదటి ఎం.2 స్లాట్ నేరుగా ప్రాసెసర్‌దే. 5600తో అక్కడ పీసీఐఈ (బోర్డు లోపల డేటా వెళ్లే దారి) 4.0, నాలుగు లేన్లు (ఆ దారిలోని వరసలు) వస్తాయి. ఎస్‌ఎస్‌డీ డబ్బా మీద సెకనుకు 7,000 ఎంబీ అని ఉంటే అది దక్కేది ఇక్కడే. రెండో స్లాట్ సాధారణంగా చిప్‌సెట్‌ది, పీసీఐఈ 3.0. అదే ఎస్‌ఎస్‌డీ అక్కడ 3,500 దగ్గర ఆగిపోతుంది. పైగా చిప్‌సెట్ నుంచి ప్రాసెసర్‌కు వెళ్లే దారి కూడా నాలుగు 3.0 లేన్లే, సాటా పోర్టులూ ల్యానూ ఆ దారినే పంచుకోవాలి. కాబట్టి విండోస్ ఉండే ఎన్‌వీఎంఈ మొదటి స్లాట్‌లోనే పెట్టండి. మీది 5600 కాకుండా 5600జీ (లోపలే గ్రాఫిక్స్ ఉన్నది) అయితే మొదటి స్లాట్ కూడా 3.0కే నడుస్తుంది, వేగం కోసం జెన్ 4కు ఎక్కువ డబ్బు పెట్టడం దండగ.

అసలు ఇబ్బంది మీరు తర్వాత కొంటానన్న ఎన్‌వీఎంఈతో వస్తుంది. దాన్ని రెండో స్లాట్‌లో పెట్టి, స్క్రూ బిగించి, ఆన్ చేస్తారు. కొత్తది కనిపిస్తుంది, 4 టీబీ డిస్క్ మాయమవుతుంది. డేటా కేబుల్ మారుస్తారు, పవర్ కేబుల్ మారుస్తారు, బయోస్ రీసెట్ చేస్తారు. చివరికి షాపుకు తీసుకెళ్తే డిస్క్ పోయిందంటారు, డేటా రికవరీకి వేలల్లో అడుగుతారు. డిస్క్‌కు ఏమీ కాలేదు! చిప్‌సెట్‌లో ఉన్న లేన్లు కొన్నే. అందుకే చాలా బి550 బోర్డుల్లో రెండో ఎం.2 నిండితే రెండు సాటా పోర్టులు ఆగిపోతాయి. కొన్నింటిలో అవి 5, 6. నంబర్లు సున్నా నుంచి మొదలయ్యే కొన్నింటిలో 2, 3. ఇంకొన్ని బోర్డులు సాటా జోలికి పోకుండా కింది పీసీఐఈ స్లాట్‌ను ఆపేస్తాయి. ఈ సంగతి మాన్యువల్‌లో ఒక్క లైనులో ఉంటుంది. డబ్బాలో పూర్తి మాన్యువల్ పెట్టకుండా నాలుగు మడతల కాగితం పెట్టి ఊరుకోవడం నిజంగా అన్యాయం. మీ బోర్డు మోడల్ పేరుతో పీడీఎఫ్ దించుకుని, స్టోరేజ్ పేజీ చదివి, ఆగిపోని పోర్టులకే ఎస్‌ఎస్‌డీనీ హార్డ్‌డిస్క్‌నూ ఇప్పుడే తగిలించండి. కేబుల్ ఏ పోర్టుకు అందితే దానికి గుచ్చేసే అసెంబ్లీ వాళ్ల చేతికి ఈ పని వదలకండి. గ్రాఫిక్స్ కార్డు పెట్టాక కొన్ని పోర్టులు దాని కిందకు పోతాయి, కేబుళ్లు ముందే పెట్టుకోవాలి.

మూడో చిప్పు పోర్టులుంటే వాటిని హార్డ్‌డిస్క్‌కో డీవీడీ డ్రైవ్‌కో వదిలేయండి. ఏఎస్‌మీడియా 1061 లాంటివి రెండు పోర్టులకూ కలిపి ఒకే ఒక్క పీసీఐఈ 2.0 లేన్ మీద నడుస్తాయి, ఎస్‌ఎస్‌డీకి అది ఇరుకు.

పాత సాటా ఎస్‌ఎస్‌డీని పాత పీసీలోనే ఉంచాలనుకుంటే, అది 2011 నాటి ఇంటెల్ బోర్డయితే, ఒక చరిత్ర తెలియాలి. ఇంటెల్ 6 సిరీస్ చిప్‌సెట్‌లో 3 జీబీపీఎస్ సాటా పోర్టులు (2 నుంచి 5) కాలక్రమంలో బలహీనపడే లోపం ఉందని 2011 జనవరి 31న ఆ సంస్థే ప్రకటించింది. మరమ్మతులకూ మార్పిళ్లకూ 70 కోట్ల డాలర్లు అవుతుందని అంచనా వేసింది. 0, 1 నంబర్ల 6 జీబీపీఎస్ పోర్టులకు ఆ జబ్బు లేదు, తర్వాత వచ్చిన బీ3 స్టెప్పింగ్‌లో (చిప్పు సవరించిన రూపంలో) లోపం పోయింది. సెకండ్‌హ్యాండ్‌లో ఆ సిరీస్‌లోని పీ67, హెచ్67 బోర్డులు కొనేవాళ్లు బీ3 అవునో కాదో చూసి తీరాలి. అదే సిరీస్‌లోని హెచ్61లో నాలుగూ 3 జీబీపీఎస్ పోర్టులే. ఎస్‌ఎస్‌డీ 550 బదులు 270 - 280 ఎంబీ ఇస్తుంది, అయినా పెట్టుకోవడం మేలే. హార్డ్‌డిస్క్‌కు ఏ పోర్టయినా వేగంలో తేడా ఉండదు.

విండోస్ ఎక్కించేటప్పుడు మిగతా డ్రైవ్‌ల కేబుళ్లు పీకేయండి. లేకపోతే బూట్ పార్టిషన్ హార్డ్‌డిస్క్ మీదకు పోయే ప్రమాదం ఉంది, రేపు ఆ డిస్క్ తీస్తే పీసీ లేవదు.

అన్నీ పెట్టాక క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్ తెరిచి ట్రాన్స్‌ఫర్ మోడ్ చూడండి. ఎడమవైపు ఉన్నది ఇప్పటి వేగం, కుడివైపు ఉన్నది డ్రైవ్ సామర్థ్యం. సాటా ఎస్‌ఎస్‌డీకి రెండూ 600 ఉండాలి. ఎడమ 300 అయితే పోర్టు తప్పు, లేదా కేబుల్ చెడింది. సీ7 వరసలోని సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో డేటా చెడిన సార్ల లెక్క) పెరుగుతుంటే కేబుల్‌నే ముందు అనుమానించండి. కేబుల్ మార్చాక ఆ అంకె తగ్గదు, పెరగడం ఆగితే చాలు.