ఎర్రబడిందంతా ఎముకేనా?

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టులో ఎముక మజ్జ మూలకణాలను ఎముక కణాలుగా మారుస్తున్నాను. 21వ రోజున అలిజరిన్ రెడ్ (కాల్షియాన్ని ఎర్రగా చూపే రంగు) పోస్తే మామూలు మీడియం (కణాలను పెంచే పోషక ద్రవం) పెట్టిన వెల్స్ (ప్లేటులోని గుంటలు) కూడా ఎర్రబడ్డాయి. కొన్నింటిలో కణాల పొర చాపలా చుట్టుకుని లేచిపోయింది. పొరపాటు ఎక్కడ?
– ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: అలిజరిన్ పట్టుకునేది కాల్షియాన్ని. అది ఎముకదా, నీళ్లలోని సున్నానిదా అన్నది దానికి తెలియదు. అందుకే ముందు కడిగిన నీళ్లను అనుమానించండి. తీరం వైపు బోరు నీళ్లు దీనికి అసలు పనికిరావు. 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌తో ఫిక్స్ చేశాక (కణాలను ఉన్నవి ఉన్నట్టు నిలిపాక) రంగుకు ముందూ తర్వాతా డిస్టిల్డ్ వాటరే వాడాలి. రంగు 100 మి.లీ.కు 1.37 గ్రాములు, పీహెచ్ 4.1–4.3, సమయం 20 నిమిషాలు. ఆపైన నీళ్లు తేటగా వచ్చేదాకా నాలుగైదుసార్లు కడగండి.

ఈసారి కణాలు వేయకుండా ఎముక మీడియం (కణాలను ఎముక వైపు మళ్లించేది) మాత్రమే పోసిన వెల్ ఒకటి తప్పక ఉంచండి. అదీ ఎర్రబడితే మీ ఫలితాన్ని నమ్మడానికి లేదు. ఆ మీడియంలో ఫాస్ఫేట్ అందించే బీటా గ్లిసరోఫాస్ఫేట్ 10 మిల్లీమోలార్ దాటితే కణాల ప్రమేయం పెద్దగా లేకుండానే కాల్షియం ఫాస్ఫేట్ పేరుకుంటుంది. చచ్చిన కణాల మీదా పేరుకుంటుంది. కాబట్టి రంగు ఒక్కటే చాలదు. ఎముక కణాల గుర్తులైన ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎంజైమును 7వ రోజున, ఆస్టియోకాల్సిన్ ప్రోటీనును ఆ తర్వాత కూడా చూడండి.

ఎముక మీడియంలో కలిపే స్టెరాయిడ్ డెక్సామెథాసోన్ 100 నానోమోలార్ ఉండాలి. అంటే 1 మిల్లీమోలార్ స్టాక్ నుంచి 10 మి.లీ. మీడియానికి 1 మైక్రోలీటరే. సున్నా ఒకటి ఎక్కువైతే కణాలు కొవ్వు వైపు మొగ్గుతాయి.

పొర లేవడానికి కారణం కణాలు మరీ కిక్కిరిసిపోవడం, పిపెట్ ధార నేరుగా తగలడం. 24 వెల్స్ ప్లేటులో వెల్‌కు 20 వేల కణాలు చాలు. మూడో వారంలో సగం మీడియమే మార్చండి, గోరువెచ్చగా, గోడ వెంబడి జార్చండి.

ప్రశ్న: పంటి గుజ్జు మూలకణాలను కొవ్వు కణాలుగా మారుస్తుంటే కొవ్వు చుక్కలు సరిగా రావడం లేదు.
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: ఆ కణాల స్వభావమే అంత, ఎముక మజ్జ కణాలతో పోల్చకండి. నాలుగు వారాలు ఇచ్చి చూడండి. కొవ్వును ఎర్రగా చూపే ఆయిల్ రెడ్ ఓ రంగు స్టాక్ మూడు పాళ్లకు నీళ్లు రెండు పాళ్లు కలిపి, పది నిమిషాలు ఆగి, వడగట్టి వెంటనే వాడండి. వడగట్టకపోతే రంగు రేణువులే కొవ్వు చుక్కల్లా కనిపిస్తాయి.