వీల్ బ్యాలెన్సింగ్ ఇంట్లో చేసుకుంటే డబ్బు మిగులుతుందా?

ప్రశ్న: నా కారు ఏడాదికి 12,000 కిలోమీటర్ల దాకా తిరుగుతుంది. వేగం 90 దాటితే స్టీరింగ్ వణుకుతోంది. ప్రతిసారీ వీల్ బ్యాలెన్సింగ్‌కి (చక్రం చుట్టూ బరువు సమంగా ఉండేలా రిమ్ మీద చిన్న బరువులు పెట్టించడానికి) షాపులో డబ్బు కట్టే బదులు బబుల్ బ్యాలెన్సర్, జాకీ, బరువులు వాయిదాల మీద కొని ఇంట్లోనే చేసుకుందామనుకుంటున్నాను. గిట్టుబాటు అవుతుందా?

జవాబు: ఒక్క కారు కోసమైతే కొనకండి.

ముందు లెక్క చూద్దాం. పనిముట్లకయ్యే మొత్తాన్ని, షాపులో నాలుగు చక్రాలకు ఒకసారి అయ్యే ఖర్చుతో భాగించండి. పది వచ్చిందనుకోండి. మీరు తిరిగే దూరానికి, టైర్లను ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చినప్పుడు ఏడాదికోసారి బ్యాలెన్సింగ్ చేయిస్తే సరిపోతుంది. అంటే పెట్టిన డబ్బు తిరిగి రావడానికి పదేళ్లు. వాయిదాల వడ్డీ కలిస్తే ఇంకా ఎక్కువే. పైగా కొత్త టైర్లు వేయించాలన్నా, పంక్చర్‌కి టైరు విప్పాలన్నా షాపుకి వెళ్లక తప్పదు. బ్యాలెన్సింగ్ మెషిన్ కూడా అక్కడే ఉంటుంది.

నాకు ఇంతకన్నా పెద్ద బెంగ ఇంకొకటి ఉంది. బబుల్ బ్యాలెన్సర్ మీద చక్రాన్ని పడుకోబెట్టి, బుడగ మధ్యకొచ్చేదాకా రిమ్ మీద బరువులు పెడతాం. చక్రం తిరగదు కాబట్టి బరువు ఏ పక్కకి ఎక్కువుందో తెలుస్తుంది గానీ, అది లోపలి అంచున ఉందో బయటి అంచున ఉందో తెలియదు. స్టీరింగ్ అటూ ఇటూ ఊగడానికి, ముఖ్యంగా వెడల్పు టైర్లలో, చాలాసార్లు ఇదే కారణం. షాపు మెషిన్ చక్రాన్ని తిప్పి, రెండు అంచులకీ ఎంతెంత బరువు వేయాలో విడిగా గ్రాముల్లో చూపిస్తుంది.

30 గ్రాములే కదా అనిపించవచ్చు. రిమ్ అంచున అంత తేడా ఉంటే, గంటకు 100 కిలోమీటర్ల వేగంలో అది దాదాపు ఐదు కిలోల బరువు లాగినంత బలంగా చక్రాన్ని కుదుపుతుంది, అదీ సెకనుకు 15 సార్ల దాకా. ఆ దెబ్బంతా టైర్లు, బేరింగులు, షాక్ అబ్జార్బర్ల మీదే పడుతుంది. టైర్లు ముందే అరిగిపోతే షాపు ఖర్చులో మిగిల్చుకున్నదంతా అక్కడ పోతుంది.

ఇంట్లో, అన్నదమ్ముల దగ్గర కలిపి ఐదారు కార్లుంటే లెక్క మారుతుంది. అప్పుడు కూడా వాయిదాలు వద్దు, అందరూ తలా కొంత వేసుకుని కొనండి.

ఇప్పటికి మీరు కొనాల్సింది టైర్లలో గాలి కొలిచే గేజ్ ఒక్కటే. చక్రాల లోపలివైపు గడ్డకట్టిన బురద కూడా బ్యాలెన్స్ చెడగొడుతుంది, కడిగేయండి. రిమ్ మీద బరువు ఊడిపోయిన మచ్చ ఉందేమో చూడండి. నట్లు బిగుతుగా ఉన్నాయో లేదో, గాలి సరిగ్గా ఉందో లేదో చూసుకుని మళ్లీ నడపండి. వణుకు తగ్గకపోతే షాపులో బ్యాలెన్సింగ్ చేయించండి, రిమ్ వంగిందేమో కూడా అప్పుడే చూడమనండి. కారు ఒక పక్కకి లాగకపోతే, అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) కూడా చేయిద్దామని వాళ్లంటే ఎందుకో అడిగాకే ఒప్పుకోండి.