సమాధానం: 2000లో ధర పెరిగిందంటే కాలిఫోర్నియా కరెంటు మార్కెట్ దండగేనా?

కాలిఫోర్నియాలో టోకు కరెంటు ధరను మార్కెట్‌కు వదిలేసిన 1998కి ముందు, తర్వాత సగటు ధరలు పోల్చానని, 2000లో ధర ఆకాశాన్నంటడంతో ప్రాజెక్టులో ఏం తేల్చాలో తెలియడం లేదని అడిగారు. టెన్షన్ పడకండి, చిక్కంతా ఆ పోలికలోనే ఉంది. ఆ ఏడాది గ్యాస్ ఖరీదైంది, వాయవ్య రాష్ట్రాల్లో జలవిద్యుత్ తగ్గింది. పాత పద్ధతే ఉన్నా ఖర్చు పెరిగేదే.

అందుకని గంట గంటకీ చివరి యూనిట్ తయారీకి ఎంతయిందో లెక్కకట్టి మార్కెట్ ధరలోంచి తీసేయండి. గ్యాస్ ధర, ప్లాంటు హీట్ రేటు (ఒక యూనిట్ కరెంటుకి ఎంత ఇంధనం కాలుతుందో చెప్పే లెక్క), కాలుష్య పర్మిట్ల ఖర్చు ఉంటే మొదలుపెట్టొచ్చు. పైన మిగిలినదాంట్లోనే ఉత్పత్తిదారుల పట్టు, అంటే ఖర్చు కంటే ధరను పైకి లాగగల బలం కనిపిస్తుంది. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది ఇక్కడే. పెద్ద పంపిణీ సంస్థలు ఎక్కువగా రోజువారీ మార్కెట్లోనే కొనాల్సి వచ్చింది, జనం కట్టే రేటును మాత్రం చాలాచోట్ల కదలనివ్వలేదు. ధర పెరిగినా వాడకం తగ్గదు కాబట్టి, ఒక ప్లాంటు ఆపినా అదే యజమాని మిగతా ప్లాంట్లకు లాభం. 2001 ఏప్రిల్‌లో ఆ పంపిణీ సంస్థల్లో ఒకటైన పీజీ అండ్ ఈ దివాలా పిటిషన్ వేసింది.

ప్లాంట్ల పనితీరు వేరే అధ్యాయంలో రాయండి. అమెరికాలో ఇలాంటి సంస్కరణల్లో అమ్ముడై చేతులు మారిన అణు ప్లాంట్లు ఆగిపోయే రోజులు తగ్గాయి, అది నిజమైన లాభమే.