మిలటరీ ఇంటెలిజెన్స్ అంటే వేషాలు మార్చడమేనా?

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర పల్లె. బాబు ఇంటర్ రెండో ఏడు, ఎంపీసీ. మిలటరీ ఇంటెలిజెన్స్‌లో చేరతానంటున్నాడు. వేషం మార్చి శత్రుదేశంలో తిరగాలేమోనని భయంగా ఉందండి.

జవాబు: అమ్మా, సైన్యంలో ప్రమాదం లేదని నేననను. కానీ ఈ విభాగంలో ఎక్కువ పని కాగితాలు, మ్యాపుల ముందే జరుగుతుంది. అవతల ఎంతమంది ఉన్నారు, ఏ దారిన వస్తారు, వాగు దాటగలరా? ఉపగ్రహ చిత్రాలు, వైర్‌లెస్ మాటలు, గస్తీ తిరిగొచ్చిన జవాన్లు చెప్పినవి పక్కపక్కన పెట్టి, ఏది ఎంతవరకు నమ్మొచ్చో కమాండర్‌కు చెప్పాలి. దాన్ని బట్టే ఆయన దళాల్ని నడుపుతాడు.

మీ బొబ్బిలి కథే చూడండి. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ కోట మీదికొచ్చినప్పుడు ఆయన పక్కనున్నది విజయనగరం రాజు విజయరామరాజు. బొబ్బిలితో ఆయనకు పాత పగ. పగ ఉన్నవాడి మాట పట్టుకుని సైన్యం కదిలితే ఏమవుతుందో మీ ఊరి పిల్లలకీ తెలుసు. కార్గిల్‌ది ఇంకో కథ. 1999 మేలో చొరబాటు కబురు మొదట తెచ్చింది పశువుల కాపరులు. ఆ యుద్ధం నేర్పిన పాఠంతోనే 2002లో మూడు దళాలకూ కలిపి డిఫెన్స్ ఇంటెలిజెన్స్ ఏజెన్సీ పెట్టారు.

ఇక దారి. ఇంటర్ అవగానే నేరుగా ఇంటెలిజెన్స్ ఆఫీసర్‌గా తీసుకోరు. ముందు ఎన్డీయే, అంటే నేషనల్ డిఫెన్స్ అకాడమీ ప్రవేశ పరీక్ష రాయించండి. యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పెడుతుంది, రెండో ఏడు చదువుతూనే రాయొచ్చు. లెక్కలు 300, జనరల్ ఎబిలిటీ 600, ఆపైన ఎస్ఎస్‌బీ (సైన్యం ఎంపిక బోర్డు) ఇంటర్వ్యూ 900 మార్కులు. మన జిల్లా పిల్లలు లెక్కల్లో గట్టెక్కి, ఎస్ఎస్‌బీలో నోరు విప్పక ఆగిపోవడం చూస్తే నాకు బాధేస్తుంది. ఇంట్లో వాడిని మాట్లాడనివ్వండి, వాదించనివ్వండి. ఇప్పుడు రాకపోతే డిగ్రీ తర్వాత ఆఫీసర్ల ఎంపికకు సీడీఎస్ పరీక్ష ఉంది.

ఒక్కటి మాత్రం ఇప్పుడే చెప్పండి. శిక్షణలో ఏ విభాగం కావాలో కోరుకోవచ్చు, అదే ఇస్తారన్న హామీ లేదు. పదాతిదళం వచ్చినా ఇష్టంగా చేస్తావా అని అడగండి. చెయ్యనంటే ఈ దారి వద్దు.

అవునంటే, రోజూ ఒకే వార్తను రెండు పేపర్లలో చదివి, ఎక్కడ తేడా ఉందో, ఎందుకుందో రాయమనండి. నెల తర్వాత ఆ నోట్సు పట్టుకుని బాబుతో రండి.