ఫైబర్ బోటుకి పెయింటు కొట్టకముందు ఇది చదువు

ఒరేయ్ చిన్నోడా,

ఫొటోలు చూశాను. నీ కంటికి ఆ బోటు ముసలిదైపోయినట్టుంది, నా కంటికి మాత్రం మాసిందంతే. ఎవరో చెప్పారని ఎనామిల్ పెయింటు రెండు డబ్బాలు కొనేశానన్నావు చూడు, అవి షాపులో తిరిగిచ్చెయ్, తీసుకోకపోతే ఇంటి గేటుకి వేసుకో. సుద్ద తేలిన ఫైబర్ మీద ఎనామిల్ కొడితే నాలుగు వేటలకే పొక్కులు పొక్కులుగా లేచిపోతుంది, తర్వాత దాన్ని గీకి తియ్యడం ఇంకో తలనొప్పి.

పైన మెరిసేది పెయింటు కాదురా, జెల్‌కోట్. బోటు పోసేటప్పుడు అచ్చులో ముందు అదే కొడతాం, దాని మీద మ్యాటూ (గాజుపోగుల గుడ్డ) రెసినూ (గట్టిపడే జిగురు) పొరలుగా వేస్తాం, అచ్చులోంచి తీశాక అది బయటికొస్తుంది. దాని మందం అటూ ఇటుగా అర మిల్లీమీటరు. నువ్వు రుద్దే ప్రతిసారీ అందులోంచే కొంత పోతుంది. నేను బోట్లు పోసే షెడ్డులో చేరిన కొత్తలో తొందరగా అయిపోతుందని 80 నంబరు గరుకు ఉప్పుకాగితం పట్టి ఒక బోటు పక్కంతా గీకి పారేశాను, సాయంత్రానికి లోపలి మ్యాట్ పోగులు బయటపడ్డాయి. బోటు ఆయన ఒక్క మాట కూడా అనలేదు, తిట్టినా బాగుండేది.

కాబట్టి ముందు కడుగు. బకెట్లో మంచినీళ్లు, కాస్త గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు, మెత్తటి బ్రష్షు లేదా స్పాంజి, అంతే. ఇనప పీచు వద్దు, బాత్రూం యాసిడ్ అసలే వద్దు, మెరుపూ పోతుంది, బోల్టులూ తినేస్తుంది. బోల్టుల కింద కారిన తుప్పు మరకలకి మందుల కెమికల్స్ అమ్మే కొట్లో ఆక్సాలిక్ యాసిడ్ పొడి దొరుకుతుంది, గ్లవుజులు వేసుకుని నీళ్లలో కలిపి పూసి, కాసేపాగి బాగా కడిగెయ్. అడుగున పట్టిన గుల్లల్ని కత్తితో కాదు, చెక్క ముక్కతో తోసెయ్, తడిగా ఉన్నప్పుడే తేలిగ్గా ఊడతాయి.

కడిగి ఆరాక చెయ్యి రాసి చూడు. తెల్లపొడి అంటితే ఎండకి పైపొర చచ్చిందన్నమాట, ముదురు నీలం బోట్లకి ఇది మరీ బాగా కనబడుతుంది. అక్కడ నీళ్లు చల్లు. తడిసినంతసేపూ పాత రంగు తిరిగొచ్చినట్టు కనిపిస్తే నీ అదృష్టం, పాలిష్‌తో వచ్చేస్తుంది. ముందు జానెడు చోటులో రబ్బింగ్ కాంపౌండ్ (రుద్ది మెరుపు తెచ్చే ముద్ద) ఒక్కటే వేసి చూడు, సరిపోతే ఇంక పేపరు ముట్టుకోకు. సరిపోకపోతే 1000 నంబరు వాటర్ పేపరు నీళ్లతో తేలిగ్గా, ఆ తర్వాత 1500, ఆపైన కాంపౌండ్, చివర్లో మైనం. మైనం మానెయ్యకు, అది లేకపోతే మళ్లీ వేసవికి మొదటికొస్తావు. పొద్దున్న ఆరింటి నుంచి తొమ్మిదింటి లోపు చెయ్యి, పన్నెండింటికి బోటు పెనంలా కాలుతుంటే కాంపౌండ్ అక్కడికక్కడే ఎండి గీతలు పడతాయి. రిజిస్ట్రేషన్ నంబరు రాసిన చోట మాత్రం జాగ్రత్త, అది నిజంగా పెయింటే, రుద్దితే పోతుంది.

ఇదంతా వేట నిషేధంలోనే పెట్టుకో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఎలాగూ బోటు గట్టు మీదే. మీ భీమిలిలో ఇసుక మీదికి లాగుతారు గనక నీకు అసలు దెబ్బ పక్కలకి కాదు, అడుగుకి. ఇసుక ఆకురాయిలా అరగదీస్తుంది. లాగేటప్పుడు కింద దుంగలు వేస్తే సగం రిపేరు తప్పుతుంది. అక్కడ మ్యాట్ కనబడేదాకా వచ్చిందంటే పాలిష్‌తో పనికాదు, రెండు మూడు పొరలు మ్యాట్ వేయించాల్సిందే, మేస్త్రిని పిలువు.

చిన్న చిన్న గంట్లయితే జెల్‌కోట్ నువ్వే పెట్టుకోవచ్చు. అది గట్టిపడ్డానికి కలిపే హార్డెనర్ నూటికి రెండు పాళ్లు దాటనివ్వకు. పూసిన దాని మీద పాలిథిన్ కాగితం అదిమి ఉంచు, గాలి తగిలితే పైన జిగురుగానే ఉండిపోతుంది. ఇంకోటి, ఇది మాత్రం రెండుసార్లు చదువు: గట్టిపడడాన్ని తొందరచేసే యాక్సిలరేటర్‌నీ హార్డెనర్‌నీ నేరుగా ఒకదాన్లో ఒకటి ఎప్పుడూ పొయ్యకు, భగ్గుమని పేలుతుంది. ఒకటి రెసిన్‌లో పూర్తిగా కలిసిపోయాకే రెండోది. హార్డెనర్ కంట్లో పడితే చూపే పోవచ్చు, కళ్లద్దాలు పెట్టుకో. ఫైబర్ గీకేటప్పుడు ముక్కుకి మాస్కు, నిండు చేతుల చొక్కా వేసుకో, లేకపోతే రాత్రంతా ఒళ్లు దురదతో నిద్రుండదు, మీ పిన్నినడుగు, నా బట్టలు విడిగా ఉతకలేక ఎన్ని తిట్లు తిట్టిందో.

ఎండ పడకుండా టార్పాలిన్ కప్పు, కానీ బిగించి కట్టకు, కింద గాలి ఆడాలి.

రేపు పొద్దున్నే ముందు ఒక పని చెయ్యి. రూపాయి బిళ్లతో అడుగంతా కొట్టుకుంటూ వెళ్లు. ఖంగుమంటే పర్లేదు, ఎక్కడైనా బొదబొదమని మందంగా పలికితే పొరలు విడిపోయి లోపల నీరు చేరి ఉండొచ్చు. అక్కడ సుద్దముక్కతో గుండ్రం గీసి ఫొటో పంపు, నేను చూసేదాకా దాని మీద ఏమీ పుయ్యకు.