బండి సంగతులు: పాత ఆటోమేటిక్‌లో గేర్ నూనె ముట్టుకోవచ్చా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే భయం. అందుకే టైర్లు, బ్యాటరీల ప్రశ్నలు వచ్చే నెలకి వాయిదా వేసి గేర్‌బాక్స్ ముందే కూర్చున్నాను.

ప్రశ్న: 2011 హోండా సిటీ ఆటోమేటిక్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 1,48,000 కిలోమీటర్లు తిరిగింది. పాత సర్వీసు కాగితాలు ఏమీ లేవు. గేర్లు ఇప్పటికైతే బాగానే పడుతున్నాయి. గేర్‌బాక్స్ ఆయిల్ మార్చమంటే మా మెకానిక్ "ఇన్నేళ్ళు మార్చని బండి, ఇప్పుడు ముట్టుకుంటే గేర్లు జారతాయి, వదిలేయండి" అంటున్నాడు. ఇంకోచోట మెషిన్ పెట్టి మొత్తం కడిగేస్తామన్నారు. ఎవరి మాట వినాలి?
— ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: ఇద్దరిదీ వినకండి. అలాగని మీ మెకానిక్ అబద్ధమూ చెప్పడం లేదు. తను చూసిందే చెబుతున్నాడు, కాకపోతే చూసినదాన్ని తిరగేసి అర్థం చేసుకున్నాడు. మన దగ్గర ఆటోమేటిక్ బండిలో నూనె ఎప్పుడు గుర్తొస్తుందో చూడండి. 'డి'లో పెట్టాక బండి రెండు సెకన్లు ఆలోచించి కదులుతున్నప్పుడు, ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజిన్ అరుస్తుంది గానీ బండి లాగనప్పుడు. అప్పటికే లోపల క్లచ్ ప్లేట్లు అరిగిపోయి ఉంటాయి. ఆ దశలో తెచ్చి కొత్త నూనె పోయిస్తారు, పది రోజులకి బండి ఆగిపోతుంది, నింద నూనె మీద పడుతుంది. నోట్లో తులసి తీర్థం పోశాకే ప్రాణం పోయింది కాబట్టి తప్పంతా తీర్థానిదే అన్నట్టు.

ఆయన భయంలో ఒక ముక్క మాత్రం నిజమే, అది కూడా తెలుసుకోండి. మీ కాలి కింద క్లచ్ పెడల్ లేదు గానీ గేర్‌బాక్స్ లోపల క్లచ్‌లు ఉన్నాయి, ఒకటి కాదు, కొన్ని జతలు. ఉక్కు ప్లేట్లు, రాపిడి పొర అంటించిన ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి నూనెలో మునిగి ఉంటాయి. పంపు ఇచ్చే నూనె ప్రెషర్ వాటిని నొక్కితేనే గేరు పడుతుంది. అంటే ఆ నూనె గేర్లని తడిపి ఊరుకునే రకం కాదు, నొక్కేదీ అదే, చల్లబరిచేదీ అదే, ప్లేటు ఎంత జారాలో ఎక్కడ పట్టుకోవాలో సరిచూసేదీ దానిలో కలిపిన మందులే. (ఒకప్పుడు అమెరికాలో ఈ నూనెల్లో తిమింగలం నూనె కలిపేవాళ్ళు. 1970ల మొదట్లో దానిమీద నిషేధం వచ్చాక బదులు వెతుక్కోవడానికి కంపెనీలు నానా తంటాలు పడ్డాయి.) వేడికి ఈ మందులు చస్తాయి, అరిగిన పొడి నూనెలో తేలుతుంటుంది, కొంత మడ్డిగా మూలల్లో పేరుకుంటుంది. అలాంటి పెట్టెలోకి మెషిన్‌తో ప్రెషర్ పెట్టి కొత్త నూనె తోస్తే ఆ మడ్డి కదిలి, వాల్వ్ బాడీలో (నూనెని ఏ క్లచ్‌కి ఎప్పుడు పంపాలో చూసే భాగం) ఉండే సన్నటి దారుల్లో ఇరుక్కోవచ్చు. కాబట్టి చరిత్ర తెలియని పాత బండికి మెషిన్ ఫ్లష్ వద్దు. అసలు మార్చకపోవడం అంతకంటే వద్దు.

ముందు ఒక పరీక్ష చేయండి. మీ బండికి గేర్‌బాక్స్ నూనె మట్టం చూసే కడ్డీ, అంటే డిప్‌స్టిక్ ఉంది, అది అదృష్టం, ఇప్పటి బండ్లలో చాలావాటికి తీసేశారు. దాన్ని లాగి ఒక తెల్ల కాగితం మీద రెండు చుక్కలు వేయండి. కొత్త నూనె ఎర్రగా ఉంటుంది, పాతబడితే గోధుమ రంగుకి తిరుగుతుంది, అది చూసి కంగారు పడక్కర్లేదు. వాసన చూడండి. మాడిన వాసన కొట్టినా, చుక్కలో మెరిసే రజను కనిపించినా నూనె మార్చే ముందు బండిని ఆటోమేటిక్ గేర్‌బాక్సులు విప్పే అలవాటున్న మనిషికి చూపించండి. అవేమీ లేకుండా, గేర్లు జారకుండా ఉంటే నిశ్చింతగా మార్చుకోవచ్చు.

పద్ధతి డ్రెయిన్ చేసి పోయడమే, ఒకసారి కాదు, మూడుసార్లు. ఎందుకంటే కింద బోల్టు విప్పితే మొత్తం నూనె రాదు, సగానికి పైగా టార్క్ కన్వర్టర్‌లోనూ (ఇంజిన్ శక్తిని నూనె ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) గొట్టాల్లోనూ ఉండిపోతుంది. లోపల ఆరు లీటర్లుంటే రెండున్నర బయటికొచ్చిందనుకోండి. ఒకసారి మారిస్తే పాతది ఇంకా 58 శాతం ఉంటుంది, రెండోసారికి 34, మూడోసారికి 20. మధ్యలో నాలుగైదు వందల కిలోమీటర్లు తిప్పి మారిస్తే కొత్త నూనె పాత మడ్డిని మెల్లగా కరిగిస్తూ పోతుంది, ఒక్కసారిగా పెకలించదు. నేనైతే నెలకోసారి చొప్పున మూడు నెలల్లో చేయిస్తాను. తొందరేముంది, ఇన్నేళ్ళు ఆగింది కదా.

నూనె విషయంలో మాత్రం బేరాలాడకండి. మీ తరం సిటీకి మొదట్లో హోండా ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనె) జెడ్-1 ఉండేది, దాని స్థానంలో డీడబ్ల్యూ-1 వచ్చింది, అది పోయించండి. 2014 మోడల్ నుంచి సిటీ ఆటోమేటిక్ సీవీటీ (విడివిడి గేర్లు లేకుండా బెల్టు, పుల్లీలతో నడిచే రకం) అయింది, దాని నూనె పూర్తిగా వేరు. కౌంటర్లో కుర్రాడికి "హోండా సిటీ ఆటోమేటిక్" అని మాత్రం చెబితే ఏ డబ్బా ఇస్తాడో ఆ దేవుడికే తెలియాలి, సంవత్సరం కూడా చెప్పండి. "అన్ని బండ్లకీ పనికొస్తుంది" అని రాసిన డబ్బా జోలికి పోవద్దు.

డ్రెయిన్ బోల్టు తలలో చతురస్రపు గుంత ఉంటుంది, మూడు బై ఎనిమిది అంగుళాల రాచెట్ నేరుగా అందులో దిగుతుంది. ఇది ఎందుకు ఇంత వివరంగా చెబుతున్నానంటే, మా ఇంటి హోండాకే ఒక షెడ్డులో ఇంజిన్ ఆయిల్ మార్చమంటే ఆ బోల్టు విప్పి గేర్‌బాక్స్ ఖాళీ చేసి, పైన ఇంజిన్‌లో మాత్రం ఇంకో మూడున్నర లీటర్లు పోశారు. గేటు దాకా వచ్చి బండి ఆగింది కాబట్టి సరిపోయింది, హైవే ఎక్కి ఉంటే నా కథ వేరేగా ఉండేది. అప్పటి నుంచి బండి కింద ఎవరున్నా నేనూ పక్కన వంగి చూస్తుంటాను, వాళ్ళు విసుక్కున్నా సరే.

బోల్టు చివర అయస్కాంతం ఉంటుంది. దానికి నల్లటి మెత్తటి పేస్టు పట్టుకుని ఉంటే అది మామూలు అరుగుదల, తుడిచేయండి. గోటితో తీయగలిగినంత లోహపు ముక్కలు కనిపిస్తే అది వేరే లెక్క. కింద అల్యూమినియం వాషర్ ప్రతిసారీ కొత్తది వేయించండి, ఖరీదు టీ డబ్బులంత. బయటికొచ్చిన నూనె కొలిచి, అంతే పోయమనండి. తర్వాత రేడియేటర్ ఫ్యాన్ తిరిగేదాకా ఇంజిన్ వేడెక్కించి, చదునైన చోట ఆపి, ఆపిన 60 నుంచి 90 సెకన్ల లోపల డిప్‌స్టిక్ చూడాలి. హోండాలకి ఇదే పద్ధతి. చాలా ఇతర కంపెనీల బండ్లకి ఇంజిన్ నడుస్తుండగా చూస్తారు, ఆ అలవాటులో చూసి ఎక్కువో తక్కువో పోసేవాళ్ళు ఉన్నారు. ఎక్కువైనా నురగ వచ్చి ప్రెషర్ పడిపోతుంది, తక్కువైనా అంతే.

ప్రశ్న: మా దగ్గర 2012 టొయోటా క్యామ్రీ ఉంది, 1,40,000 మైళ్ళు దాటింది. ఆటోమేటిక్ ఆయిల్ "జీవితకాలం" వస్తుందని డీలర్ దగ్గర చెప్పారు. ఇక్కడ లేబర్ చార్జీలు చూస్తే గుండె ఆగుతుంది, గరాజ్‌లో నేనే మార్చుకుందామనుకుంటున్నాను. డిప్‌స్టిక్ మాత్రం కనిపించడం లేదు.
— ఒక తెలుగు పాఠకుడు, డాలస్

జవాబు: ఎవరి జీవితకాలం అని అడగాల్సింది! బీఎండబ్ల్యూ లాంటి కంపెనీలకి గేర్‌బాక్సులు తయారుచేసి ఇచ్చే జర్మనీ సంస్థ జడ్‌ఎఫ్, తన ఆటోమేటిక్‌లకి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్ళకి నూనె మార్చమంటుంది. పెట్టె తయారుచేసినవాడి మాట అది. మీ బండి ఇప్పటికే రెండు లక్షల పాతిక వేల కిలోమీటర్లు దాటింది. మార్చండి.

డిప్‌స్టిక్ లేదు కాబట్టి కనిపించదు. దీనికి టొయోటా డబ్ల్యూఎస్ నూనె. బండి నాలుగు స్టాండ్ల మీద సమంగా నిలబడాలి, ముందు మాత్రమే ఎత్తితే లెవెల్ తప్పు చూపిస్తుంది. అన్నిటికంటే ముందు పోసే బోల్టు విప్పండి, డ్రెయిన్ బోల్టు తర్వాత. నూనె అంతా వదిలేశాక పోసే బోల్టు బిగుసుకుపోయి రాకపోతే బండి గరాజ్‌లోనే కాపురం పెడుతుంది, ఆ పాట్లు పడినవాళ్ళ కథలు చాలా విన్నాను. డ్రెయిన్ బోల్టు తీయగానే కొంచెం నూనె కారి ఆగిపోతుంది, అయిపోయిందనుకోకండి. అక్కడ లోపల నిలువుగా ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది, ఆరు మిల్లీమీటర్ల అలెన్ కీతో అదీ తీస్తేనే అసలు నూనె దిగుతుంది. ఆ గొట్టమే లెవెల్ చూసే సాధనం కూడా. గొట్టం, డ్రెయిన్ బోల్టు తిరిగి పెట్టి, ఎంత వచ్చిందో అంత పోసి, ఇంజిన్ స్టార్ట్ చేసి, బ్రేకు మీద కాలుంచి గేర్ లివర్ అన్ని స్థానాల్లోకీ మెల్లగా తిప్పి, నూనె వేడి 40 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉన్నప్పుడు డ్రెయిన్ బోల్టు తీయాలి. సన్నటి ధార చుక్కలుగా మారినప్పుడు లెవెల్ సరిపోయినట్టు. మీ టెక్సాస్ ఎండల్లో మిట్టమధ్యాహ్నం మొదలుపెడితే ఆ వేడి ఎప్పుడు దాటిపోయిందో తెలియదు, తెల్లారే చేయండి. పాత నూనె డబ్బాల్లో పోసి ఆటో పార్ట్స్ షాపుకి తీసుకెళ్ళండి, చాలాచోట్ల ఊరికే తీసుకుంటారు.

ప్రశ్న: 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మా ఆటోమేటిక్ కారు రెండు రోజులు సీట్ల దాకా మునిగింది. షెడ్డులో ఇంజిన్ ఆయిల్ మార్చి స్టార్ట్ చేసి ఇచ్చారు. ఇప్పుడు గేరు పడేటప్పుడు వణుకుతోంది. గేర్‌బాక్స్‌లోకి కూడా నీళ్ళు వెళ్తాయా?
— ఒక పాఠకురాలు, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: వెళ్తాయండి. గేర్‌బాక్స్ వేడెక్కినప్పుడు గాలి బయటికి పోవడానికి పైన ఒక చిన్న గొట్టం ఉంటుంది, నీళ్ళు దాన్ని దాటితే లోపలికే. క్లచ్ ప్లేటుకి రాపిడి పొరని జిగురుతో అంటిస్తారు, నీళ్ళు తగిలితే ఆ జిగురు ఊడుతుంది, పొర ఉబ్బుతుంది. వణుకు అక్కడినుంచే మొదలై ఉండవచ్చు. నూనె ఒక గ్లాసులోకి తీయించి చూడండి, రోజ్‌మిల్క్‌లా పాలు కలిసిన గులాబీ రంగులో ఉంటే నీళ్ళు కలిసినట్టే. అలా ఉంటే ఇక బండి తిప్పకండి. షెడ్డుకి కూడా చక్రాల మీద లాక్కెళ్ళకుండా మొత్తం ఎత్తి పెట్టుకునే బండి పిలిపించండి. నూనె రెండు మూడుసార్లు మార్చి చూడటం మొదటి పని, అప్పటికీ వణుకు పోకపోతే విప్పక తప్పదు. అప్పుడే, స్టార్ట్ చేయకముందే ఈ నూనె మార్చి ఉండాల్సింది, ఆ తప్పు మీది కాదు. బీమా ఉంటే, విప్పించేముందు సర్వేయర్‌కి ఆ గ్లాసు చూపించి ఫొటోలు తీయించండి. ఇన్ని నెలలయ్యాక ఒప్పుకుంటారా అంటే పాలసీని బట్టి, అడగడంలో పోయేదేమీ లేదు.

(రేడియేటర్ లోపలే గేర్ నూనె చల్లబరిచే భాగం ఉండే బండ్లలో అది చిల్లుపడినా ఇదే గులాబీ రంగు వస్తుంది. కాబట్టి వరద చూడని బండిలో ఆ రంగు కనిపిస్తే రేడియేటర్ వైపు చూడండి.)

ప్రశ్న: నాది మారుతి సెలెరియో ఏజీఎస్, లక్షా పదివేలు తిరిగింది. ఏటీఎఫ్ ఎప్పుడు మార్చాలి?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మార్చక్కర్లేదు, మీ బండిలో అది లేదు. ఏజీఎస్ అంటే మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ నొక్కి గేరు మార్చే పని మీ కాలూ చెయ్యీ బదులు ఒక యూనిట్ చేస్తుంది. పెట్టెలో మాన్యువల్ గేర్ ఆయిల్ ఉంటుంది, ఆ యూనిట్‌కి ఒక చిన్న డబ్బాలో దాని సొంత ఆయిల్. లక్ష దాటింది కాబట్టి రెండిటితో పాటు క్లచ్ ప్లేటు ఎంత అరిగిందో చూపించండి. ఎవరైనా మీ బిల్లులో ఏటీఎఫ్ అని రాస్తే డబ్బులిచ్చే ముందు అది ఎక్కడ పోశారో చూపించమనండి.