కంప తీసే అమ్మాయికి కొలువు ఎక్కడ?

ప్రశ్న: మా అమ్మాయి కర్నూలులో బీఎస్సీ బాటనీ రెండో సంవత్సరం చదువుతోంది. ఆదివారం వస్తే స్నేహితులతో హంద్రీ ఒడ్డుకు పోయి వయ్యారిభామ కలుపు పీకుతుంది, కంపచెట్లు కొట్టిస్తుంది. ఇదే నా ఉద్యోగం అంటోంది. బీఈడీ చేసి టీచర్ అవమంటే వినదు. ఈ పనికి జీతమిచ్చేవాళ్లు ఉంటారా?
– ఒక తండ్రి, కర్నూలు

జవాబు: ఉంటారండీ. ఆ పేరుతో నోటిఫికేషన్ రాదు, అంతే. అటవీ శాఖలో, పరిశోధనలో, స్వచ్ఛంద సంస్థల్లో వేరే పేర్లున్న కొలువుల్లో ఈ పని కలిసి ఉంటుంది.

పని సంగతి ముందు చెబుతాను. సర్కారు తుమ్మ అనే ఈ కంపకు మన సీమతో పాత సంబంధమే ఉంది. 1877 ప్రాంతంలో, మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో, బయటి దేశాల నుంచి విత్తనం తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటారు. ఇప్పుడు ఏ వంకలో చూసినా అదే. నరికితే మోడు నుంచి మళ్లీ చిగురిస్తుంది, అందుకే వేరు మొదలుతో సహా తవ్వాలి. దాని కాయలు మేకలకు ఇష్టం. గింజలు పెంటికలతో కొత్త చోటికి పోతాయి. కాబట్టి మీ అమ్మాయి మొదట మాట్లాడవలసింది మేకలు కాసే ఆయనతో. ఆ కంపతోనే బొగ్గు కాల్చి బతికేవాళ్లున్నారు, పొయ్యిలోకి పుల్లలు ఏరుకునే ఆడవాళ్లున్నారు. వాళ్లను అడగకుండా జేసీబీ పెట్టి ఒక్కరోజులో చదును చేయిస్తే, రెండు వానలకు ఆ ఖాళీ అంతా వయ్యారిభామే. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది మరి. తీసిన చోట కానుగ, వేప, రేగు వేసి, మూడు నాలుగేళ్లు ఆ చుట్టుపక్కల వీధివాళ్లే కనిపెట్టుకుని ఉండాలి. చెట్టు కొట్టడం ఒకపూట పని, వీధిని వెంట నిలుపుకోవడం ఏళ్ల పని. జీతం ఆ రెండో పనికే.

గురుగ్రామ్‌లో గనులు తవ్వి వదిలేసిన కొండనేలను నగరవాసులే పూనుకుని స్థానిక చెట్ల అడవిగా మార్చారు. అదే ఆరావళి జీవవైవిధ్య పార్కు. అలాంటి చోట మొక్కను గుర్తుపట్టేవాళ్లూ కావాలి, మనుషులను కూడగట్టేవాళ్లూ కావాలి. ఆ రెండూ ఒక్కరికే రావడం అరుదు. మీ అమ్మాయికి వచ్చేట్టుంది.

చదువు విషయానికొస్తే, డిగ్రీ కాగానే పీజీసెట్ రాసి అనంతపురం శ్రీకృష్ణదేవరాయలో గానీ, కడప యోగి వేమనలో గానీ ఎమ్మెస్సీ బాటనీ చేయవచ్చు. దూరం పంపగలిగితే డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో ఎమ్మెస్సీ ఫారెస్ట్రీ ఇంకా మేలు. బాటనీ డిగ్రీతో యూపీఎస్సీ వారి ఫారెస్ట్ సర్వీసు రాయవచ్చు. ఏపీపీఎస్సీ అటవీ పోస్టుల్లో మహిళలకు 4 గంటల్లో 16 కిలోమీటర్ల నడక పరీక్ష ఉంటుంది. ఇప్పటినుంచే నడవమనండి.

స్వచ్ఛంద సంస్థల్లో మొదట జీతం తక్కువ, అదీ ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే. మీ భయం అర్థమవుతోంది. బీఈడీ తరువాతైనా చేయవచ్చు, ఆ దారి ఎక్కడికీ పోదు.

ఇప్పుడామె చేయవలసింది ఒకటుంది. ఒక నోట్‌బుక్ పెట్టుకుని, ఏ తేదీన ఎంత మేర తీశారు, మళ్లీ ఎన్ని మొలిచాయి, ఎవరెవరు వచ్చారు అన్నది రాయాలి. ఒకే చోట నిలబడి నెలకో ఫొటో తీయాలి. రేపు ఏ ఇంటర్వ్యూలోనైనా మార్కుల జాబితా కన్నా ఆ నోట్‌బుక్ ఎక్కువ మాట్లాడుతుంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి నగరపాలికకూ జీవవైవిధ్య కమిటీ ఉండాలి. కార్పొరేషన్ ఆఫీసుకు వెళ్లి, స్థానిక మొక్కలు, జీవుల వివరాలు రాసే జీవవైవిధ్య రిజిస్టర్ పనిలో సాయపడతానని అర్జీ ఇవ్వమనండి.

వయ్యారిభామ చర్మానికీ, ఊపిరికీ పడదు. గ్లౌజులు, ముక్కుకు గుడ్డ లేకుండా ముట్టుకోనివ్వకండి. పూత రాకముందే, వాన పడి నేల మెత్తబడ్డప్పుడు వేళ్లతో సహా పీకాలి. వచ్చే ఆదివారం మీరూ ఒకసారి వెంట వెళ్లండి. మేకలాయనతో మీరు మాట కలిపితే ఆమెకు సగం పని తేలికవుతుంది.